అమ్మ వేసిన ఎనిమిది

2024 అక్టోబరులో నాకు 50 నిండాయి. ఆ రోజుతోనే నా డ్రైవింగ్ లైసెన్స్ గడువూ తీరిపోయింది. రెన్యువల్ చేయించుకోవాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి, పాత కాగితాలు కావాలి. బీరువా అడుగు అరలో కాగితాలు వెతుకుతుంటే నా మొట్టమొదటి లైసెన్స్ దొరికింది. ఇప్పటి కార్డు లాంటిది కాదు, మడిచి జేబులో పెట్టుకునే చిన్న పుస్తకం. మడత దగ్గర చిరిగి, అంచులు పసుపు రంగుకి తిరిగాయి. లోపల ఇరవయ్యేళ్ల నేను. భుజం మీద సగం రౌండు సీలు. కింద ఇంకు పెన్నుతో రాసిన తేదీ: 27-12-1994.

మంచం మీద కూర్చుని అదే చూస్తున్నాను. అమ్మ చేతికర్ర పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఏంట్రా అది?"

"లైసెన్సమ్మా. మొట్టమొదటిది."

తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్లి వెలుతురులో చూసింది. ఫొటో మీద వేలితో దుమ్ము తుడిచింది. "ఆ ఏడాది ముగ్గు పిండి ఎంత ఖర్చయిందో!" అంది.

ఆ మాట అర్థం కావాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అమలాపురంలో బీఎస్సీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్ ఉద్యోగం వచ్చింది. జనవరి మొదటి వారంలో చేరాలి. ఒకటే షరతు, సొంత బండి ఉండాలి, లైసెన్స్ ఉండాలి. మా ఇంట్లో అప్పటికి రెండూ లేవు. నాన్నగారు రైసుమిల్లులో గుమస్తా, ఆయనకి సైకిల్ తప్ప వేరే బండి తెలియదు.

రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసే మా మావయ్య దగ్గర ఎర్ర రంగు హీరో హోండా సీడీ 100 ఉండేది. "నెలనెలా ఇద్దువుగానిలే అల్లుడూ, ముందు బండి తీసుకెళ్లు" అన్నాడు. ఆ రోజుల్లో మా వైపు సీడీ 100 అంటే ఎంత గౌరవమో చెప్పలేను. యమహా ఆర్ఎక్స్ 100 కుర్రకారు బండి, బుల్లెట్ మోతుబరుల బండి, సీడీ 100 మాత్రం ఉద్యోగం చేసుకునేవాడి బండి. పొగ రాదు, పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, ట్యాంకు నింపితే వారం తిరిగేది. గేర్లన్నీ ముందుకే, ముందు కాలితో తొక్కుకుంటూ పోవడం, మడమతో తగ్గించుకోవడం.

నవంబరులో ఎల్.ఎల్.ఆర్., అంటే బండి నేర్చుకోవడానికిచ్చే లైసెన్స్, తీశాను. ఆరు నెలలు పనికొస్తుంది, కానీ 30 రోజులు గడిస్తే గానీ అసలు టెస్టుకి పిలవరు. చార్టు మీద బొమ్మలు చూపించి అడిగిన గుర్తులన్నీ చెప్పేశాను. మావయ్య అట్టముక్క మీద ఎర్ర రంగుతో ఎల్ అక్షరం రాసి ముందొకటి, వెనకొకటి కట్టాడు.

క్లచ్ మీద మావయ్య చెప్పిన పాఠం ఇప్పటికీ నా వేళ్లలో ఉంది. బండి స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేయించి, యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. "క్లచ్ ఒక్కటే వదులు. నూలుపోగంత, నూలుపోగంత. బండి కదలాలా వద్దా అని ఆలోచించే చోటు ఒకటుంటుంది. అక్కడ వేళ్లు ఆపు" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నంతా అదే పని. బండి ఒక అడుగు కదలడం, ఆగడం. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి వాచింది. హాఫ్ క్లచ్ అంటే ఏమిటో మాత్రం తెలిసింది.

రోడ్డు మీద నడపడం పది రోజుల్లో వచ్చేసింది. రానిది ఎనిమిది ఒక్కటే. టెస్టులో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పాలి.

మావయ్యకి ఆదివారం తప్ప తీరిక ఉండేది కాదు. మిగతా రోజుల్లో నేనే తంటాలు పడాలి. మా ఇంటి పక్కన మామిడిచెట్టు దగ్గర కుప్ప వేసుకునే ఖాళీ స్థలం ఉండేది. అక్కడ కాలితో మట్టిలో గీత గీసుకుని తిరుగుతుంటే, రెండు చుట్లకే గీత చెరిగిపోయేది. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అమ్మ చూసి చూసి లేచి వచ్చింది. "ఎనిమిదేగా? ముగ్గేస్తే సరి" అంది.

మర్నాడు తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ఇంటి ముందు ముగ్గు అయ్యాక పక్క స్థలంలోకి వచ్చింది. గిన్నెలో ముగ్గు పిండి. నడుం వంచి, ఒక్క చోట కూడా చెయ్యి ఎత్తకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ ఇంత పెద్ద ఎనిమిది వేసింది. చీకట్లో తెల్లగా మెరిసిపోయింది. దాని మీద బండి ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. "తొక్కరా, తొక్కడానికేగా వేసింది" అంది.

ఆ నెల రోజులూ అదే వరస. నేను రోజంతా తిరిగి చెరిపేస్తాను, తెల్లారేసరికి కొత్త ఎనిమిది ఉంటుంది. మామూలుగా సంక్రాంతికి గానీ కొననంత ముగ్గు ఆ కార్తీకంలోనే కొనేసింది.

ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టిన మూడు రోజులకి, డిసెంబరు 19న, రాజమండ్రిలో టెస్టు. మావయ్యని వెనక కూర్చోబెట్టుకుని రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా చలిలో వెళ్లాం. చొక్కా లోపల గుండెకి అడ్డంగా పేపరు మడిచి పెట్టుకున్నాను. గోదావరి మీద చలిగాలికి అంతకన్నా మంచి కోటు లేదు. తర్వాత పదేళ్లపాటు ప్రతి చలికాలం నాకది అలవాటైపోయింది.

వేపచెట్టు కింద కుర్చీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని మా వైపు అందరూ అలాగే అంటారు. ముందు చేతి సిగ్నల్స్ చూపించమన్నారు. కుడి చెయ్యి చాపితే కుడివైపు, గుండ్రంగా తిప్పితే ఎడమవైపు, మోచెయ్యి మడిచి పైకెత్తితే ఆగుతున్నానని. అన్నీ చూపించాను. తర్వాత ఎనిమిది. ఎడమ సున్నా బాగా వచ్చింది. కుడి సున్నాలోకి తిరిగాను, సగం దాటాను, కాలు కింద పడింది.

"కాలు పెట్టావు బాబూ. వారం దాటాక రా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఆయన తప్పూ లేదు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం జనవరి మొదటి వారం. మావయ్య టీ తాగుదాం రమ్మన్నాడు. నేను మాత్రం వెనక్కి వెళ్లి, ఆ సున్నాకి అడ్డంగా నడిచి అడుగులు లెక్కపెట్టాను. ఆరు. మా ఇంటి దగ్గర అమ్మ వేసిన సున్నా తొమ్మిది అడుగులు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నా మొహం చూసి ఏమైందని అడగలేదు. కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాక, "వాళ్లది ఎంతుంది?" అంది. ఆరు అడుగులని చెప్పాను.

మర్నాడు పొద్దున్న గిన్నెతో పాటు కొబ్బరిపీచు తాడు, ఒక మేకు తెచ్చింది. నన్ను మూడు అడుగులు నడవమని, అంత పొడవు తాడు కొలిచి ముడి వేసింది. మేకు దిగ్గొట్టి తాడు చుట్టూ తిప్పుతూ ముగ్గు పోసింది. పక్కనే ఇంకోటి, రెండూ ఒరుసుకునేలా. అప్పటికి ధనుర్మాసం కదా, ఇంటి ముందు పెట్టగా మిగిలిన గొబ్బెమ్మలు రెండు తెచ్చి, గుమ్మడిపువ్వు గుచ్చి, ఒక్కో సున్నా నడిమధ్యన ఒక్కోటి పెట్టింది.

"అమ్మా, తొక్కేస్తానేమో!"

"తొక్కవు. దాని చుట్టూ తిరుగు."

ఆ వారంలో నేను నేర్చుకున్నది, ఆ తర్వాత ఏ డ్రైవింగ్ స్కూలు వాళ్ల దగ్గరా వినలేదు. సాయంత్రం నేను అలసిపోయి బండి స్టాండు వేశాక, అమ్మ చీపురు పట్టుకుని ఆ స్థలంలోకి వచ్చేది. ఊడ్చే ముందు నేలంతా చూసేది. టైరు గీతలన్నీ ముగ్గు మీద అచ్చు పడి ఉండేవి.

"ఇదుగో, ఇక్కడ కాలు పెట్టావు." చెప్పు మొన మట్టిలో దిగిన గుర్తు. "ఇక్కడ గట్టిగా బ్రేకు తొక్కావు, మన్ను గీసుకుపోయింది. ఇక్కడిదాకా బాగానే వచ్చావు. కుడిపక్కకి తిరిగేసరికే నీకు గాభరా."

సైకిల్ కూడా ఎక్కని మనిషి. చెప్పినవన్నీ నిజమే. కుడివైపు తిరిగేటప్పుడు యాక్సిలరేటర్ చెయ్యి కడుపులోకి ముడుచుకుపోతుంది, మనకి తెలియకుండానే మణికట్టు తిరిగి ఇంజను రేజ్ అయిపోతుంది. బండి బయటికి లాగుతుంది, భయపడి కాలు దించేస్తాం. అసలు కారణం నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అమ్మకి కారణం తెలియదు గానీ జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది.

నాలుగో రోజు దగ్గర నిలబడి చూసింది. ఆపమని చెయ్యి ఊపింది.

"నువ్వు చక్రం వంక చూస్తున్నావురా. నేను ముగ్గు వేసేటప్పుడు వేళ్ల వంక చూస్తానా? తర్వాత ఏ చుక్క దగ్గరకి వెళ్లాలో ఆ చుక్క వంక చూస్తాను. చెయ్యి అదే వెళ్తుంది. నువ్వు గుమ్మడిపువ్వు చూసుకో."

అలాగే చేశాను. ఎడమ సున్నా పూర్తవుతుండగానే తల తిప్పి కుడి సున్నాలో పసుపచ్చటి పువ్వు వంక చూశాను. వెనక బ్రేకు మీద పాదం ఆన్చి, వేళ్లతో మావయ్య చెప్పిన నూలుపోగంత క్లచ్ పట్టుకుని. బండి వంగింది, తిరిగింది, గీత మీదే వచ్చి కలిసింది. అమ్మ ఏమీ అనకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నంలోకి నాకిష్టమైన ములక్కాడ పులుసు.

27న ఒక్క చుట్టుకే పాసయ్యాను. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

తర్వాత పదకొండేళ్లు ఆ బండి మీదే నా బతుకంతా. సోమవారం అమలాపురం, మంగళవారం రాజోలు, మలికిపురం, తర్వాత ముమ్మిడివరం. ఒక్కోసారి సఖినేటిపల్లి రేవులో బళ్లని కూడా దాటించే పంటు పడవ ఎక్కి నరసాపురం దాకా. సంచీలో శాంపిళ్లు, చొక్కా జేబులో మడిచిన టై. డాక్టరు గారి ఊరు ఇంకో కిలోమీటరుందనగా ఏదో చెట్టు కింద ఆగి, బండి అద్దంలో చూసుకుని టై కట్టుకునేవాణ్ని. సీటు కింద ప్లగ్గు స్పానరు, గరుకు కాగితం ముక్క ఎప్పుడూ ఉండేవి. బండి ముక్కుతుంటే ప్లగ్గు ఊడదీసి, మసి గీకి, ఉఫ్‌మని ఊది మళ్లీ బిగిస్తే పలికేది.

వానాకాలం కాలవగట్ల మీద ఒండ్రు మట్టి ఒక నరకం. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య మట్టి దట్టంగా కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయేది. దిగి, కొబ్బరి ఈనో, తాటాకు మట్టో పుచ్చుకుని ఇంత ఇంత పెళ్లలు లాగి పారేస్తే గానీ కదిలేది కాదు. పొద్దుకూకే వేళ పొలాల మధ్య పురుగులు కళ్లలో పడేవి. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి, గడ్డి పరిచేవాళ్లు. ఆ గడ్డి మీద బ్రేకు వేస్తే బండి మన మాట వినదు. నాతో పాటు తిరిగే తోటి రెప్ ఒకతను అలాగే జారి తలకి దెబ్బ తగిలి పోయాడు. పెళ్లయి ఏడాది కాలేదు. ఆ వారమే నేను హెల్మెట్ కొన్నాను. మా రూటులో అప్పటికి హెల్మెట్ పెట్టుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎండలో ఉడికిపోయినా సరే, ఆ రోజు నుంచి ఒక్క రోజు తీయలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టం పంటు ఎక్కడం. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వెళ్లాలంటే గోదావరి పాయ గౌతమి దాటాలి. ఒడ్డు నుంచి పంటు మీదకి చెక్క పలక వేసేవాళ్లు. రెండడుగుల వెడల్పు, కింద నీళ్లు. కొత్తవాళ్లు దిగి తోసుకుంటూ ఎక్కించేవాళ్లు. నేను ఫస్ట్ గేర్లో, హాఫ్ క్లచ్‌లో, పలక వంక చూడకుండా పంటు అవతలి కొసన నిలబడ్డ పడవ సరంగు తలపాగా వంక చూస్తూ ఎక్కించేవాణ్ని. గుమ్మడిపువ్వు లెక్క అది. ఇంజను ఆపేశాక ఆ పది పదిహేను నిమిషాలు, సైలెన్సరు చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంటే, పక్కనే సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పాల క్యాన్లు, గోదావరి మీద గాలి. ఎంత పని ఒత్తిడి ఉన్నా అక్కడ ఎవరూ తొందరపెట్టలేరు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను గురించి రాయకుండా ఉండలేను. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. రాత్రంతా పెంకులు ఎగిరిపోతున్న చప్పుడు, కొబ్బరిచెట్లు ఒక్కోటీ విరిగి పడుతున్న చప్పుడు. బండిని వసారాలోకి ఎక్కించి స్తంభానికి అమ్మ పాత చీరతో కట్టాం. తెల్లారి బయటికి వస్తే ఆకాశం అంతా ఖాళీగా కనబడింది. మా ఊళ్లో ఎప్పుడూ ఆకాశం అంత కనబడదు, కొబ్బరాకులే కనబడతాయి.

నా దగ్గర శాంపిళ్ల సంచీలో జ్వరం మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉన్నాయి. అమలాపురంలో నాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరకి చేరవేద్దామని బయల్దేరాను. మామూలుగా అయితే అరగంట దారి. ఆ రోజు ఎక్కడ చూసినా రోడ్డుకి అడ్డంగా చెట్లు. ప్రతి చెట్టు దగ్గరా ఎవరో ఒకరు గొడ్డలితో నరుకుతూ ఉన్నారు. నేను బండి ఆపితే ఏమీ అడగకుండా నలుగురు వచ్చి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని బండిని మాను మీదుగా అవతలికి దించేవాళ్లు. వాళ్ల ఇళ్లకే కప్పులు లేవు. ఒక చోట ఒక ముసలాయన, "మందులా బాబూ? పద పద" అని తనే ముందు నడిచి దారి చూపించాడు. ఎన్ని చెట్లు దాటానో లెక్క లేదు. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు నా బండి నడిచిన దూరం కన్నా జనం మోసిన దూరమే ఎక్కువ. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఇప్పటికీ ఆ రోడ్డున వెళ్తుంటే ఆ చేతులే గుర్తొస్తాయి.

తర్వాత పెళ్లి, వెనక సీటు మీద మా ఆవిడ, ఆ తర్వాత ఇద్దరి మధ్యా పాప. 2006లో కొత్త బండి కొన్నాం. సీడీ 100ని పాల వ్యాపారం చేసుకునే ఆయనకి ఇచ్చేశాను. హ్యాండిలుకి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని వెళ్తుంటే వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది.

2014లో లైసెన్స్ రెన్యువల్ చేయిస్తే పుస్తకం పోయి కార్డు వచ్చింది. ఇప్పుడు కొత్తది 60 ఏళ్ల దాకా ఉంటుందట. జిల్లా పేరు కూడా మారింది, మాది 2022 నుంచి కోనసీమ జిల్లా.

నేను రెన్యువల్‌కి తిరుగుతున్న ఆ నెలల్లోనే మా అమ్మాయి ఎల్.ఎల్.ఆర్. తీసుకుంది. ఇంజినీరింగ్ రెండో ఏడు. స్కూటీ చాలదా అంటే, "గేరు బండి లైసెన్స్ ఉంటే గేరు లేనిదీ నడపొచ్చు నాన్నా, దాంతో దీన్ని నడపలేను కదా" అంది. నిజమే. గుర్తుల పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చుని రాసింది. స్లాటు ఫోన్లోనే. ఎనిమిది మాత్రం ఎనిమిదే.

డిసెంబరు సెలవుల్లో ఇంటికి వచ్చింది. మామిడిచెట్టు లేదు గానీ ఆ స్థలం అలాగే ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నడుం వంగదు. కుర్చీ తెచ్చి అక్కడ వేయించుకుంది. కొబ్బరిపీచు తాడు దొరకలేదు, బట్టలారేసే నైలాన్ తాడు తెచ్చాం. అమ్మాయి మేకు దిగ్గొట్టి తాడు తిప్పుతుంటే, "చెయ్యి ఎత్తకు అమ్మడూ, పిండి ఆగకుండా వదులు" అని కుర్చీలోంచి చెబుతూనే ఉంది. సున్నా అయ్యాక చేతికర్రతో చూపించి, "ఇది పెద్దదైంది. ఆరడుగులే ఉండాలి. మీ నాన్న అడుగులు" అంది. నేను మళ్లీ నడిచాను. గొబ్బెమ్మల బదులు రెండు కొబ్బరికాయలు పెట్టాం.

అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని గంటసేపు తిరిగింది. ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటుంటే, అమ్మ కుర్చీలోంచి లేచి కర్ర ఊతంగా ముగ్గులోకి నడిచింది. తల వంచి నేలంతా నెమ్మదిగా చూసుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది. కర్ర మొన ఆనించింది.

"ఇక్కడ కాలు పెట్టావు అమ్మడూ."

"నువ్వు అప్పుడు ఫోన్ మాట్లాడుతున్నావు కదా నానమ్మా, ఎలా చూశావు?"

"కుడిపక్కేనా?" అన్నాను నేను అరుగు మీద నుంచి.

"కుడిపక్కే" అంది అమ్మ.